“నీకు యాప్ ఉంది కదా” అనే ముందు: కాలేజీ గ్రూప్ అడ్మిన్లకూ ఫెస్ట్ కమిటీలకూ ఒక బహిరంగ లేఖ

తెలుగు రాష్ట్రాల కాలేజీల్లో క్లాస్ వాట్సాప్ గ్రూపులు నడిపే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ, ఫ్రెషర్స్ నుంచి ఫేర్‌వెల్ దాకా అన్నీ నెత్తిన వేసుకుని తిరిగే ఫెస్ట్ కమిటీల వాళ్లకూ,

నేను మీకు తెలియను. మీ సీనియర్లకు సీనియర్ని అనుకోండి. మాది నల్గొండ జిల్లాలో ఒక పల్లె. చిన్నప్పుడు పొద్దు గూకితే గడప తట్టుకుని పడేదాన్ని. మొదట రేచీకటి అన్నారు. హైదరాబాదు తీసుకొచ్చి చూపిస్తే రెటినైటిస్ పిగ్మెంటోసా అన్నారు, కంటి వెనక పొర మెల్లమెల్లగా పాడైపోయే జబ్బు. అమ్మానాన్నలది మేనరికం, ఆ కథ ఇప్పుడొద్దులెండి. డిగ్రీలో చేరేసరికి లైటు వెలుగుతోందా లేదా అన్నంత వరకే తెలిసేది. ఇప్పుడు అదీ లేదు. ఒక బ్యాంకులో క్లర్కుగా చేస్తున్నాను. ఈ ఉత్తరం నేనే టైప్ చేశాను. ఎలా అని అడగబోతున్నారేమో, మీలాగే, పది వేళ్లతో.

మా ఫేర్‌వెల్ సంగతి చెప్తాను. పోస్టర్ గ్రూపులో పడినప్పుడు, తెర మీదున్నది చదివి వినిపించే నా ఫోన్ ఒక్క మాటే పలికింది: “ఫోటో”. దాని కింద ముప్ఫై నలభై మంది చప్పట్ల ఎమోజీలు. బొమ్మను చదివి చెప్పే యాప్ ఒకటి ఉంటే దానికి పంపాను. చదివింది. తేదీ చెప్పింది, టైం పదిన్నర అని చెప్పింది. ఆకుపచ్చ రంగు మీద బెలూన్లు ఉన్నాయంది, మధ్యలో అలంకారంగా రాసిన తెలుగు అక్షరాలు ఉన్నాయంది. అక్షరాలు ఉన్నాయంది గానీ ఏం రాశారో చెప్పలేదు. అసలు విషయమంతా అందులోనే ఉంది. ఫంక్షన్ కాలేజీలో కాదు, ఊరి బయట రిసార్టులో. బస్సు మెయిన్ గేటు దగ్గర తొమ్మిదింటికి.

నేను పదింపావుకల్లా సెమినార్ హాలు దగ్గరికి వెళ్లాను. చీర కట్టుకుని, మల్లెపూలు పెట్టుకుని. తలుపు తడిమితే చేతికి తాళం తగిలింది. మనవాళ్లు టైంకి ఏం వస్తారులే అని మెట్ల మీద కూర్చున్నాను. పదకొండు దాటాక అటెండర్ వచ్చి, “అందరు బస్సెక్కి పోయిండ్రు గద బిడ్డా, నువ్వేంది ఈడ కూసున్నవ్?” అన్నాడు. ఆయనే వెళ్లి టీ తెచ్చి ఇచ్చాడు. అల్లం బాగా ఎక్కువైన టీ.

రెండు రోజుల తర్వాత హాల్ టికెట్ల లైన్లో మా క్లాసువాళ్లు కలిశారు. ఎవరూ ఎగతాళి చేయలేదు. నిజంగానే బాధపడ్డారు పాపం. “అయ్యో, పోస్టర్ పెట్టాం కదా! నీకు యాప్ ఉంది కదా!” అన్నారు.

ఆ మాట గురించే ఈ ఉత్తరం.

యాప్ ఉంది. లేదని నేనెందుకంటాను? అది లేకపోతే డిగ్రీ పాసయ్యేదాన్ని కాదు. మాకంటే ముందు తరంవాళ్లు చెప్తుంటారు, కంప్యూటర్ తెర మీద ఉన్నది చదివి వినిపించే జాస్ అనే సాఫ్ట్‌వేర్ కొనాలంటే పదుల వేలు కావాలి, ఏదో ఒక సంస్థలో ఒక్క కంప్యూటర్లో ఉంటే అక్కడికి పోయి వంతులేసుకుని నేర్చుకునేవాళ్లమని. 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్, జేమ్స్ టే అనే ఇద్దరు కుర్రాళ్లు ఎన్‌వీడీఏ అనే సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టారు. ఇద్దరికీ చూపు లేదు. జాస్ చేసే పనే ఇదీ చేస్తుంది, ఎవరికైనా ఉచితం. తెలుగు కూడా చదువుతుంది. గొంతు రేకుడబ్బాలోంచి వచ్చినట్టు ఉంటుంది గానీ వారం తిరిగేసరికి అలవాటైపోతుంది. నాకు ఈ కథలో నచ్చేది ఇంకొకటి ఉంది. వాళ్లిద్దరూ చిన్నప్పుడు, చూపులేని పిల్లల కోసం పెట్టిన ఒక సంగీత శిబిరంలో కలిసి దోస్తులయ్యారు. ఆ దోస్తీలోంచి పుట్టిన సాఫ్ట్‌వేర్ మీదే ఇవాళ మాలో ఎంతోమంది చదువులూ ఉద్యోగాలూ నడుస్తున్నాయి.

2009లో ఫోన్లకూ మాట వచ్చింది, ఆండ్రాయిడ్‌లో టాక్‌బ్యాక్, ఐఫోన్‌లో వాయిస్‌ఓవర్. నోట్ల రద్దు తర్వాత వచ్చిన కొత్త నోట్లు చేత్తో తడిమితే ఏది ఎంతో తెలియక మేం నానా తిప్పలు పడితే, 2020 జనవరిలో రిజర్వ్ బ్యాంకు మణి అనే యాప్ తెచ్చింది, కెమెరా ముందు నోటు పెడితే విలువ చెప్పేస్తుంది. నాకైతే వీటన్నిటికంటే ఇష్టమైన పరికరం టీకొట్టు మీద ఉండే ఆ చిన్న డబ్బా. మనం ఫోన్లో డబ్బు కొట్టగానే ఎంత వచ్చిందో తెలుగులో అరుస్తుంది చూడండి, అది. కొట్టువాడి కోసం పెట్టినదే. కానీ పది కొట్టబోయి వంద కొట్టలేదు కదా అని నా గుండె నిమ్మళించేది దాని కేకతోనే. మమ్మల్ని మనసులో పెట్టుకుని చేసినవాటికంటే, ఊరందరి కోసం చేసినది ఒక్కోసారి మాకు ఎక్కువ అక్కరకొస్తుంది. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాను.

ఇంత ఉన్నాక మరి బాధేమిటి అంటారా? చదువు సగం దాకా మాకు అందుబాటులోకి వచ్చింది. సరదా రాలేదు. ల్యాప్‌టాప్ ఇచ్చేవాళ్లు ల్యాప్‌టాప్ ఇస్తారు, చేతికర్ర ఇచ్చేవాళ్లు కర్ర ఇస్తారు, స్టేజీ మీద శ్రీకాంత్ బొల్లా పేరు చెప్పి నన్నూ అంత ఎదగమంటారు. ఆయన మచిలీపట్నం దగ్గరి పల్లెలో చూపు లేకుండా పుట్టి, ఇంటర్‌లో సైన్స్ ఇవ్వమంటే కోర్టుకెళ్లి గెలిచి, అమెరికాలో ఎంఐటీలో చదివి, ఫ్యాక్టరీలు పెట్టారు, నాకూ గర్వమే. కానీ నాకు పంతొమ్మిదేళ్లప్పుడు ఎంఐటీ అక్కర్లేదు. వెనక బెంచీలో వాళ్లు దేనికి నవ్వుతున్నారో తెలిస్తే చాలనిపించేది.

మీ తరం మాటలన్నీ బొమ్మల్లోకి వెళ్లిపోయాయి. ఇది నింద కాదు, కాలం అలా ఉంది. మా అక్క కాలేజీ రోజుల్లో జోకు అంటే నోటితో చెప్పేదే. ఇప్పుడు జోకు అంటే మీమ్, జవాబు అంటే స్టిక్కర్, కబురు అంటే స్క్రీన్‌షాట్. నా ఫోన్‌కి ఇవన్నీ ఒక్కటే: “ఫోటో”, “స్టిక్కర్”, “ఫోటో”. ఇక ఎమోజీ. మీరు ఒక్క దెబ్బలో పన్నెండు నవ్వు మొహాలు పెడతారు. నా ఫోన్ పన్నెండుసార్లూ వరసగా “ఫేస్ విత్ టియర్స్ ఆఫ్ జాయ్, ఫేస్ విత్ టియర్స్ ఆఫ్ జాయ్” అని జపం చేస్తుంది. ఆ జపం అయ్యేలోపు గ్రూపులో టాపిక్ మారిపోతుంది.

ఇంకొకటి, మీరు ఎప్పుడూ ఆలోచించి ఉండరు. మీరంతా తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తారు. ఫోన్ దాన్ని ఇంగ్లీషు అనుకుని చదువుతుంది. “తిన్నావా” అని రాస్తే “టిన్నేవా” అంటుంది, “వస్తున్నా” అంటే “వాస్టన్నా” అంటుంది, “కొంచెం” అంటే “కాంచెమ్”. డిగ్రీ మొదటి సంవత్సరమంతా నాకు మా క్లాసు మొత్తం ఒక దొరసాని గొంతుతోనే మాట్లాడింది. మెల్లగా ఆ భాషా పట్టుబడింది, అది వేరే విషయం. ఎవరైనా మహానుభావుడు తెలుగు లిపిలో రాసిన రోజున మాత్రం పండగలా ఉండేది. టైప్ చేయడం కష్టమంటే మైకు నొక్కి తెలుగులో మాట్లాడండి, ఫోనే రాసిపెడుతుంది. లేదా వాయిస్ మెసేజ్ పెట్టేయండి. దానికంటే హాయి ఇంకోటి లేదు.

నా తప్పు కూడా ఒకటి చెప్పాలి, లేకపోతే ఇదంతా ఫిర్యాదులా ఉంటుంది. గ్రూపులో ఏదైనా ఫోటో వచ్చి, కింద అందరూ నవ్వితే నేనూ ఒక నవ్వు పెట్టేదాన్ని. ఏమిటో తెలియకుండానే. నేనూ మీలో ఉన్నానని చెప్పుకోవడానికి అదొక దారి. కొన్నాళ్లకు ఎంత ఆరితేరానంటే, మొదటి ఇద్దరు నవ్వేదాకా కూడా ఆగేదాన్ని కాదు. ఎప్పుడూ మీమ్స్ పెట్టే అబ్బాయి ఒకడుండేవాడు. ఒకరోజు పొద్దున్నే ఫోటో పెట్టాడు. నేను వెంటనే నవ్వాను. రెండు నిమిషాల తర్వాత కింద ఎవరో “ఓం శాంతి” అని రాశారు. అది దండ వేసిన వాళ్ల తాతగారి ఫోటో.

నవ్వు తీసేశాను. క్షమించమని ఫోన్ చేశాను. “పర్లేదులే, నీకు కనపడదు కదా” అన్నాడు. ఆ రోజు నుంచి గ్రూపును మ్యూట్‌లో పెట్టాను. ఫేర్‌వెల్ పోస్టర్ సంగతి ముందే ఎవరినైనా అడిగి ఉండొచ్చు కదా అంటారేమో, అప్పటికే అడగడం మానేశానన్నమాట.

ఈ అడగడం గురించి కాస్త వివరంగా చెప్పనివ్వండి, ఎందుకంటే చూపున్నవాళ్లకు ఇది తెలిసే అవకాశం లేదు. మాలాంటివాళ్లలో చాలామందికి మనసులో ఒక లెక్క ఉంటుంది. ఇవాళ ఎవరిని ఎన్నిసార్లు అడిగాను? ఇంకోసారి అడిగితే విసుక్కుంటుందా? నోట్సు ఫోటోల్లో ఉంటే చదివి పెట్టమని ఒకరిని అడగాలి. పరీక్షలో మేం చెప్పేది రాసిపెట్టే స్క్రైబ్‌గా ఇంకొకరిని బతిమాలాలి. బస్సు నంబరు చెప్పమని, క్యాంటీన్లో ఖాళీ కుర్చీ ఎక్కడుందో చెప్పమని, లిఫ్టు ఏ అంతస్తులో ఆగిందో చెప్పమని. రోజుకు సరిపడా అడుగుడు ఈ అవసరాలకే అయిపోతుంది. ఇక “ఆ మీమ్‌లో ఏముందే?” అని అడగడానికి ఏం మిగులుతుంది? అందుకే చదువులో నెగ్గుకొచ్చినవాళ్లు కూడా స్నేహాల్లో ఒంటరిగా మిగిలిపోతారు. మీ క్లాసులో చూపులేని అమ్మాయి ముభావంగా ఉంటుందని, ఎవరితోనూ కలవదని మీకు అనిపిస్తే, ఆమె లెక్క ఆ పూటకు అయిపోయిందేమో చూడండి.

మరి ఏఐ వచ్చింది కదా, అది ఎన్నిసార్లు అడిగినా విసుక్కోదు కదా? నిజమే. డెన్మార్క్‌లో 2015లో బీ మై ఐస్ అనే యాప్ మొదలైంది. మనం వీడియో కాల్ చేస్తే ఎక్కడో ఉన్న వాలంటీరు చూసి చెప్పేవాళ్లు. 2023 నుంచి అందులోనే ఏఐ కూడా బొమ్మను వర్ణిస్తోంది. నేను రోజూ వాడతాను. చొక్కా రంగు దగ్గర్నుంచి మందుసీసా మీద తేదీ దాకా. కానీ దానికి ఒక బ్రహ్మానందం మీమ్ పంపి చూడండి. నేను పంపాను. “కెమెరా వైపు అయోమయంగా చూస్తున్న మధ్యవయస్కుడు, ఇండోర్ నేపథ్యం” అని చెప్పింది. ఎంత ఘోరం! తెలుగు దేశంలో ఆ మొహాన్ని ‘మధ్యవయస్కుడు’ అని ఊరుకునే ప్రాణి అదొక్కటే.

అదే బొమ్మకు నా హాస్టల్ రూమ్మేట్ పెట్టిన వాయిస్ మెసేజ్ ఎనిమిది సెకన్లు: “ఒసేయ్, బ్రహ్మీ నోరు తెరుచుకుని బిక్కమొహం వేశాడు, పైన ‘ఇంటర్నల్స్ రేపే అని ఇప్పుడే తెలిసింది’ అని రాసుంది, అచ్చం నిన్న నీ మొహం.” ఏఐ చెప్పిన దాంట్లో బొమ్మ ఉంది. ఈ ఎనిమిది సెకన్లలో జోకుంది, నా మొహం ఎలా ఉందో అదీ ఉంది, నన్ను ఏడిపించడం కూడా ఉంది. నా రూమ్మేట్ వేరే కాలేజీలో చదివేది, లేకపోతే ఫేర్‌వెల్ రోజు నన్ను ఆ మెట్ల మీద కూర్చోనిచ్చేది కాదు. మనుషుల ఫోటోలు పంపితే ఆ యంత్రం ఇంకా తడబడుతుంది. ఎర్ర చొక్కా యువకుడు నవ్వుతున్నాడు అంటుంది. ఆ ఎర్ర చొక్కా వాడు మూడు రోజుల నుంచి అదే చొక్కాలో వస్తున్నాడని, గ్రూపంతా నవ్వుతున్నది దానికేనని దానికెలా తెలుస్తుంది? అది మీకే తెలుసు. పైగా మీ అందరి ఫోటోలూ నేను రోజూ ఎక్కడో ఉన్న సర్వర్లకు పంపుతుండటం మీకైనా ఇష్టమేనా?

కాబట్టి అడ్మిన్లూ, నేను అడిగేది ఇంతే. పోస్టర్ పెట్టినప్పుడు దాని కింద నాలుగు ముక్కలు టైప్ చేయండి. ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ, బస్సు ఎక్కడినుంచి, ఏ రంగు బట్టలు. పోస్టర్ డిజైన్ చేసినవాడి దగ్గర ఆ మాటలు ఎలాగూ ఉంటాయి, కాపీ చేసి అతికించడమే. సగం నిమిషం. దీనివల్ల మాకొక్కళ్లకే లాభం అనుకోకండి. డేటా అయిపోయి బొమ్మ తెరుచుకోనివాడికి, రెండు వారాల తర్వాత గ్రూపులో వెతుక్కునేవాడికి, కళ్లజోడు మర్చిపోయిన మేడంకి కూడా అదే అక్కరకొస్తుంది. టీకొట్టు డబ్బా లాంటిదే ఇదీ. ఇన్‌స్టాగ్రామ్‌లో పెడితే ఆల్ట్ టెక్స్ట్ అని ఒక అర ఉంది, 2018 నుంచీ ఉంది, అక్కడ రాస్తే బొమ్మ కింద కనపడదు గానీ మా ఫోన్లు చదువుతాయి. మీ అందమైన పేజీ ఏమీ పాడవదు.

మీమ్ పెట్టినవాళ్లనందరినీ వర్ణన రాయమనడం లేదు. అలా అంటే సరదా చచ్చిపోతుంది, నన్ను చూస్తే పారిపోతారు. గ్రూపులో ఎవరో ఒకరు, రోజుకొకరైనా సరే, పొద్దుపోయాక ఒక వాయిస్ మెసేజ్ పెడితే చాలు, ఇవాళ ఏం జరిగిందో. తిట్లతో సహా.

కలిసినప్పుడు వెనకనుంచి కళ్లు మూసి, “నేనెవరో చెప్పుకో చూద్దాం” అనకండి. కళ్లు ఎందుకు మూస్తారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. పేరు చెప్పి పలకరించండి, వెళ్లేటప్పుడు వెళ్తున్నానని చెప్పండి, లేకపోతే మేం ఖాళీ గాలితో మాట్లాడుతూ మిగిలిపోతాం. దారి చూపించాలంటే చెయ్యి పట్టి లాగొద్దు, మీ మోచెయ్యి మమ్మల్ని పట్టుకోనివ్వండి.

ఆటల సంగతి. మా హాస్టల్లో రాత్రిళ్లు ఫోన్లో లూడో నడిచేది. ఆ ఆటలో నా వేలికి ఏమీ అందేది కాదు. నన్ను అంపైర్ అన్నారు, అంపైర్‌కి ఏం కనపడాలో వాళ్లకే తెలియాలి. కరెంటు పోయిన రాత్రి అంత్యాక్షరి మొదలైతే మాత్రం గది మొత్తాన్ని ఓడించేదాన్ని. ఫెస్టుకి ఆటలు పెట్టేటప్పుడు చెవితో ఆడగలిగినవి రెండైనా కలపండి. క్విజ్‌లో బొమ్మ రౌండ్ ఉంటే పాట రౌండ్ కూడా పెట్టండి.

సినిమాకు మమ్మల్ని పిలవండి. వస్తే బోరు కొడుతుందేమో అని మీరే అనుకుని పిలవరు. మొదటి రోజు ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో చూడండి, హీరో ఎంట్రీ ఎవరూ చెప్పక్కర్లేదు, ఈలల్లోనే తెలుస్తుంది. మాటల్లేని సీన్లలోనే చిక్కు. పక్కనున్నవాళ్లు గుసగుసగా చెప్తే వెనకసీటు పెద్దమనిషి ష్ అంటాడు. తెరమీద జరిగేది ఇయర్‌ఫోన్లో చెప్పే ఆడియో డిస్క్రిప్షన్ గురించి కేంద్ర సమాచార శాఖ 2024 మార్చిలో మార్గదర్శకాలు ఇచ్చింది. ప్రతి హాల్లోనూ అది మామూలు విషయం అయ్యేదాకా మీ గుసగుసే మా ఆడియో డిస్క్రిప్షన్.

చట్టం గురించి కూడా ఒక్క మాట. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 42వ సెక్షన్, ముద్రించినదైనా ఎలక్ట్రానిక్‌ది అయినా సమాచారమంతా మాకు అందే రూపంలో ఉండేలా ప్రభుత్వం చూడాలంటుంది. డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న చెప్పింది. యాప్‌లలో మనం ఎవరమో నిర్ధారించుకోవడానికి సెల్ఫీ తీసేటప్పుడు కంటిరెప్ప ఆర్పమంటారు చూడండి, ఆ గొడవ మీద వచ్చిన తీర్పే అది. ఇవన్నీ ప్రిన్సిపాళ్లకూ బ్యాంకులకూ ఆఫీసులకూ పనికొస్తాయి, మా బ్యాంకుకు కూడా. మీ క్లాస్ గ్రూపుకి ఏ సెక్షనూ వర్తించదు. నన్ను మీతో పాటు నవ్వించాలని ఏ కోర్టూ మీకు చెప్పదు. అందుకే ప్రభుత్వానికి కాకుండా మీకు రాస్తున్నాను.

మొన్న నా రూమ్మేట్ పెళ్లికార్డు వచ్చింది. పీడీఎఫ్. కంప్యూటర్లో తెరిస్తే ఒక్క తెలుగు ముక్క లేదు, ఇంగ్లీషు అక్షరాలూ బ్రాకెట్లూ శాతం గుర్తులూ గలగలా చదివింది. డీటీపీ వాళ్లు ఇంకా ఏ యంత్రమైనా తెలుగని గుర్తుపట్టే యూనికోడ్ కాకుండా పాత ఫాంట్లలోనే కార్డులు కొడతారు. కంటికి ముత్యాల్లా ఉంటాయట, నా సాఫ్ట్‌వేర్‌కి మాత్రం గజిబిజి. ఫోన్ చేసి తిడదామనుకునేలోపే వాయిస్ మెసేజ్ వచ్చింది, నాలుగు నిమిషాలది. “శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు” దగ్గర్నుంచి పురోహితుడి గొంతుతో మొదలుపెట్టి, తాతముత్తాతల పేర్లన్నీ చదివి, “పైన వినాయకుడి బొమ్మ వేశారే, ఎందుకో అలిగినట్టున్నాడు, కింద మా మరిది పేరు తప్పు పడింది, ఇంట్లో యుద్ధం నడుస్తోంది” అని చెప్పింది. ముహూర్తం రాత్రి 2 గంటల 17 నిమిషాలకు, ఖమ్మంలో.

రైలు టిక్కెట్టు నేనే బుక్ చేసుకున్నాను. ఏ రంగు చీర కట్టుకోవాలో దానికే వదిలేశాను, ఆకుపచ్చ తప్ప ఏదైనా పర్లేదని చెప్పాను.

ఇట్లు,
మీ సీనియర్ల సీనియర్